ఆ ఫారంలో 'లేదు' అని రాయించింది నేనే

ముందే చెప్తున్నా, ఇది నేను కూర్చుని టైప్ చేసింది కాదు. ఫోన్ పట్టుకుని మాట్లాడుతుంటే అదే అక్షరాలుగా మారుస్తోంది, తర్వాత మా పాప మొత్తం నాకు చదివి వినిపించి తప్పులు సరిచేసింది. మూడేళ్ళ క్రితం అయితే ఈ మాట కూడా ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. నాకు 44 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేస్తా, అపార్ట్‌మెంట్లకి వైరింగ్, ప్యానెల్ బోర్డులు, నా దగ్గర తొమ్మిది మంది పనిచేస్తారు. నాకు డిస్‌లెక్సియా ఉంది, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం, రాయడం కష్టమవుతుంది. మా అబ్బాయికీ ఉంది. ఈ రెండు వాక్యాలు వరసగా చెప్పడానికి నాకు పట్టిన టైమ్ గురించే ఇదంతా.

2023 జులైలో మా అబ్బాయిని ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. వాడికి పదేళ్ళు, ఐదో తరగతి. లోపలికి పిలిచే ముందు నాలుగు పేజీల ఫారం ఇచ్చారు, పుట్టినప్పుడు బరువెంత, ఎప్పుడు నడిచాడు, మాటలెప్పుడు వచ్చాయి, ఇలా అన్నీ. మా ఇంట్లో ఫారాలన్నీ మా ఆవిడే నింపుతుంది, పెళ్ళైనప్పటి నుంచీ అంతే. మూడో పేజీలో ఒక ప్రశ్న దగ్గర ఆగింది. తల్లికి గానీ తండ్రికి గానీ దగ్గరి బంధువుల్లో ఎవరికైనా గానీ చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉందా, అని. పైకి చదివి నా వైపు చూసింది. నేను ఎదురుగా గోడ మీదున్న చార్ట్ వైపు చూస్తూ "లేదు, లేదని రాయి" అన్నా. ఒక్క క్షణం పెన్ను ఆపింది, తర్వాత రాసేసింది. పక్కన కుర్చీలో మావాడు కాళ్ళు ఊపుకుంటూ కూర్చున్నాడు.

అబద్ధం చెప్తున్నానని నాకు తెలుసా అంటే, తెలుసు, తెలియదు కూడా. అది ఎలా కుదురుతుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండిట్. చుట్టుపక్కల ఊళ్ళల్లో అవధానం జరిగినా, పెళ్ళికి పద్యాలు రాయాలన్నా మా నాన్నగారినే పిలిచేవాళ్ళు. అలాంటి ఇంట్లో పుట్టి నాకు తెలుగు చదవడం రాలేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, నాకు పద్యాలు నోటికి వచ్చు. పొద్దున్నే నాన్నగారు పెరట్లో తిరుగుతూ చదువుతుంటే రెండుసార్లు వింటే చాలు, నాకు వచ్చేసేది, శతక పద్యాలు యాభై అరవై గడగడా చెప్పేవాణ్ణి. చుట్టాలొస్తే నన్ను నిలబెట్టి చెప్పించేవాళ్ళు. అదే పద్యం పుస్తకంలో చూపించి చదవమంటే నాకు అక్షరాలు కదలకపోయినా ఒక్కటీ పట్టు దొరికేది కాదు. మ ఏదో య ఏదో, ప కి ష కి వ కి తేడా ఏంటో ఆలోచించేలోపు మొదట చదివిన అక్షరం మర్చిపోయేవాణ్ణి. ద, ధ, థ లు నాకు ఒకే ఇంట్లో పుట్టిన ముగ్గురు కవలల్లాగా ఉండేవి. ఒత్తు కింద ఉంటుంది, గుడి పైన ఉంటుంది, కొమ్ము పక్కన ఉంటుంది, ఏది ముందు చూడాలి ఏది తర్వాత పలకాలి అనేది మిగతా పిల్లలకి ఎలా తెలిసిపోయేదో నాకు అర్థమయ్యేది కాదు.

నాన్నగారి లెక్క చాలా సూటిగా ఉండేది. విన్న పద్యం చెప్పగలిగినవాడికి తెలివి లేదనలేం. తెలివి ఉండీ చదవట్లేదంటే అది బద్ధకం, లేదంటే పొగరు. దానికి మందు బెత్తం. ఆయన్ని దుర్మార్గుడిగా చూపించాలని చెప్పట్లేదు, ఆయన రాత్రిళ్ళు నా పక్కన కూర్చుని పలక మీద దిద్దించిన రోజులు కొట్టిన రోజుల కంటే ఎక్కువే. కానీ నాకున్న తెలివినే నా మీద సాక్ష్యంగా పెట్టారు. అది నాకు ఇన్నేళ్ళ తర్వాత కూడా బాధగానే ఉంది.

1996 మార్చిలో టెన్త్ రాశా. తెలుగు, ఇంగ్లీష్, సోషల్ మూడూ పోయాయి, లెక్కల్లో 71 వచ్చాయి. తెలుగు మాస్టారి కొడుకు తెలుగులో తప్పాడని ఊళ్ళో అందరికీ తెలిసింది. మూడోసారికి ఎలాగో గట్టెక్కి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో చేరా, అక్కడికెళ్ళాక మొదటిసారి ప్రాణం లేచొచ్చింది. సర్క్యూట్ బొమ్మ చూస్తే నాకు మొత్తం కళ్ళ ముందు కనపడేది, ఎక్కడ కరెంట్ ఆగుతుందో చెయ్యి పెట్టి చూపించేవాణ్ణి. 2001లో హైదరాబాద్ వచ్చేశా.

ఇంక అక్కడి నుంచి దాచడం మొదలు. దాచడం అనే మాట కూడా అప్పుడు నా మనసులో లేదు, ఏదో తెలివిగా బతుకుతున్నా అనుకునేవాణ్ణి. ఎవరైనా కాయితం ఇచ్చి చదవమంటే "కళ్ళు లాగుతున్నాయి, నువ్వు చదువు" అనేవాణ్ణి. మెటీరియల్ డబ్బాలు రంగు చూసి, బొమ్మ చూసి గుర్తుపట్టేవాణ్ణి. బస్సులు నంబర్ చూసి ఎక్కేవాణ్ణి. మెసేజ్ పెడితే ఫోన్ చేసి మాట్లాడేవాణ్ణి, వాయిస్ మెసేజ్‌లు వచ్చాక నా బతుకు చాలా తేలికైంది. కొటేషన్ ఇవ్వాలంటే మొత్తం లెక్క నోటితో చెప్పి డీటీపీ షాపు కుర్రాడితో కొట్టించేవాణ్ణి. బ్యాంకుకి వెళ్తే కుడిచేతి వేలికి ఇన్సులేషన్ టేపు చుట్టుకుని వెళ్ళిన రోజులున్నాయి, దెబ్బ తగిలింది కాస్త రాసిపెట్టండి అని అడగడానికి. 2014లో ఒక బిల్డర్‌తో అగ్రిమెంట్ ఆరు పేజీలు, అందరి ముందు చదవలేక తలూపుకుంటూ పేజీలు తిప్పి సంతకం పెట్టేశా. పని ఆలస్యమైతే రోజుకింత కోత అని అందులో ఉంది. ఆ పని మీద లక్షా ఎనభై వేలు పోగొట్టుకున్నా. ఇంటికొచ్చి మా ఆవిడతో వాళ్ళు మోసం చేశారని చెప్పా. నాకు నేను కూడా అదే చెప్పుకున్నా, నిజంగా నమ్మా కూడా.

ఒప్పుకోకపోవడం అంటే ఎవరో అడిగితే మొండిగా కాదనడం అనుకుంటారు. నన్ను ఎవ్వరూ ఏమీ అడగలేదు. నేను రోజూ కష్టపడి, ఓవర్‌టైమ్ చేసినట్టు చేసి, ఆ ప్రశ్న ఎవరూ అడగకుండా చూసుకున్నా.

మావాడి సంగతికొస్తా. 2013లో పుట్టాడు. కరోనా వచ్చేనాటికి ఒకటో తరగతి. స్కూళ్ళు మూసేశారు, ఆన్‌లైన్ క్లాసులు, టీచర్ అడిగితే వాడు నోటితో బ్రహ్మాండంగా చెప్పేవాడు, చదవాల్సొస్తే నెట్ పోయిందనేవాడు, అది నిజంగానే పోతుండేది కూడా కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. 2021 సెప్టెంబర్‌లో మళ్ళీ బడికి వెళ్ళేసరికి మూడో తరగతి. వారం తిరక్కుండానే డైరీలో రాసి పంపారు, రీడింగ్ చాలా వెనకబడ్డాడు అని. నేను ఏమన్నానో తెలుసా, ఏడాదిన్నర గ్యాప్ వచ్చింది కదా, పిల్లలందరూ అలాగే ఉన్నారు, ఆర్నెల్లలో వాడే పుంజుకుంటాడు అన్నా. అది నిజంగా మిగతా పిల్లల విషయంలో నిజమే, అందుకే అంత బాగా పనికొచ్చింది నాకు.

తర్వాత ఒక రోజు వాడు హోంవర్క్ దగ్గర కూర్చుని వాళ్ళక్కతో అన్నాడు, "అక్కా కళ్ళు లాగుతున్నాయి, నువ్వు చదువు." నేను సోఫాలో ఉన్నా. అది నా మాట. అచ్చంగా నా మాట, నా గొంతులో ఎలా వస్తుందో అలాగే. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అప్పుడు లేచి నేను చేసిన పని ఏంటంటే, మర్నాడే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. చూపు బాగానే ఉందన్నారు. ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. అక్కడా అదే. చివరికి ఎవరో కంటి కండరాలకి ఎక్సర్‌సైజులు చేయిస్తారని చెప్తే అక్కడ చేర్పించా, 22 సిట్టింగ్‌లు, సిట్టింగ్‌కి ఎనిమిది వందలు. దారం మీద పూసలు చూడటం, ఎర్ర కళ్ళజోడు పెట్టి కంప్యూటర్ మీద ఆటలు. డిస్‌లెక్సియా కంటి సమస్య కాదని, ఈ కంటి వ్యాయామాలతో చదవడం మెరుగవుతుందనడానికి ఆధారం లేదని అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, కంటి డాక్టర్ల సంఘం కలిసి 2009లోనే ప్రకటన ఇచ్చాయని నాకు చాలా తర్వాత తెలిసింది. కానీ నేను మోసపోయానని అనలేను. నాకు అది కన్నే కావాలి. కన్ను అయితే అద్దాలున్నాయి, చుక్కల మందుంది, మా వంశంలో ఎవరికీ సంబంధం లేదు.

అక్కడితో ఆగలేదు. 2022 వసంత పంచమికి బాసర వెళ్ళి మళ్ళీ అక్షరాభ్యాసం చేయించాం. రెండొందల కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణం, తెల్లారి క్యూలో మూడేళ్ళ పిల్లల మధ్య పలక పట్టుకుని మావాడు ఒక్కడే ఎత్తుగా కూర్చున్నాడు. పక్కన ఎవరో అడిగారు తమ్ముడికా అని. వాడు ఏమీ మాట్లాడలేదు. అమ్మవారి మీద నాకు భక్తి అప్పుడూ ఉంది ఇప్పుడూ ఉంది, కానీ ఆ రోజు ఆ పిల్లాణ్ణి అక్కడ అలా కూర్చోబెట్టింది భక్తితో కాదు, భయంతో. తర్వాత సరస్వతీ లేహ్యం, చేతిరాత క్లాసు, అబాకస్, స్కూల్ మార్చడం, స్టేట్ సిలబస్ నుంచి సీబీఎస్‌ఈకి. ఒక్కోదానికీ ఓ మూడు నెలలు ఆశ, ఆ తర్వాత ఇంకోటి. బయటి నుంచి చూసేవాళ్ళకి, పిల్లాడి కోసం ఎంత తాపత్రయపడుతున్నాడో అనిపించేది. తాపత్రయపడ్డ మాట నిజమే, ఒక్క చోటికి మాత్రం వెళ్ళకుండా మిగతా అన్ని చోట్లకీ వెళ్ళా.

అసలు విషయం బయటపెట్టింది మా పాప. అప్పటికి ఏడో తరగతి పూర్తయింది. 2023 వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం వాళ్ళమ్మతో చెప్పింది, "అమ్మా తమ్ముడు చదవట్లేదు. నేను చదివింది విని గుర్తుపెట్టుకుని చెప్తున్నాడు. నిన్న పేజీ మార్చేసి ఇచ్చా, అయినా పాత పేజీదే చెప్పాడు" అని. మా ఆవిడ వాణ్ణి పిలిచి కొత్త పుస్తకం ఇచ్చి చదవమంది. 'మందారం' అని ఉంటే 'మందిరం' అన్నాడు, మొదటి అక్షరం చూసి ఊహించేస్తున్నాడు. 'వర్షం' దగ్గర వ, ర దాకా వచ్చి ఆ ఒత్తు దగ్గర ఆగిపోయాడు. ఇంగ్లీష్‌లో 'వాజ్' (was) ని తిరగేసి 'సా' (saw) అన్నాడు. రెండు లైన్లకి చెమటలు పట్టాయి పిల్లాడికి. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నా, నాకు మా నాన్నగారి పెరడు గుర్తొచ్చింది. మా ఆవిడ ఆ రాత్రే నంబర్ కనుక్కుని నన్ను అడక్కుండానే అపాయింట్‌మెంట్ తీసుకుంది.

పరీక్షలు మూడు రోజులు జరిగాయి, వరసగా కాదు, వారానికొకటి. ముందు వినికిడి, చూపు రిపోర్టులు అడిగారు, చూపువి మా దగ్గర కట్టలు కట్టలు ఉన్నాయి. తర్వాత ఐక్యూ టెస్ట్. బుద్ధిలో లోపం వల్ల చదవలేకపోవడం వేరు, బుద్ధి బాగుండి చదవలేకపోవడం వేరు, ఆ రెంటినీ విడదీయడానికి అది తప్పనిసరి అన్నారు. మావాడికి 112 వచ్చింది. చివరికి బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక ఆరోగ్య సంస్థ వాళ్ళు తయారుచేసిన పరీక్షలు, చదవడం, విని రాయడం, లెక్కలు, బొమ్మ చూసి గీయడం, జ్ఞాపకం, అన్నీ విడివిడిగా. ఐదో తరగతి పిల్లాడి చదువు ఒకటో తరగతి స్థాయిలో ఉందని తేలింది.

డిస్‌లెక్సియాకి రిపోర్టులో రాసిన మాట 'స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ'. ఆ మూడో మాట, వైకల్యం అన్న మాట దగ్గర నాకు చెవులు మూసుకుపోయాయి. సైకాలజిస్ట్ మేడం చాలా ఓపిగ్గా చెప్తోంది, చూసిన అక్షరాన్ని శబ్దంతో జతచేసే పని మెదడులో వేరేగా జరుగుతుంది, ఇది జబ్బు కాదు, పోయేదీ కాదు, కానీ పద్ధతిగా నేర్పితే చదవడం వస్తుంది, ఇది ఎక్కువగా కుటుంబాల్లో వస్తుంది అని. ఆ చివరి మాట అన్నప్పుడు ఫారం వైపు చూసి మళ్ళీ మా వైపు చూసింది. నేను థాంక్స్ చెప్పి లేచా.

ఇంటికొచ్చి ఆ రిపోర్టు బీరువాలో ఇంటి దస్తావేజుల కింద పెట్టి తాళం వేశా. ఐదు నెలలు అక్కడే ఉంది. స్కూల్‌కి ఇవ్వనివ్వలేదు. మా అత్తగారు కూడా ఇవ్వద్దనే అన్నారు, వికలాంగుడని ముద్ర పడితే రేపు పెళ్ళెలా అవుతుంది అని, పదేళ్ళ పిల్లాడికి. నేను పైకి ఆవిడ మాటలు తప్పన్నా గానీ లోపల నాకు అవే కావాలి. మా ఆవిడతో రెండు సార్లు పెద్ద గొడవైంది. ఆ ఐదు నెలల్లో మావాడి నోట్సుల నిండా ఎర్ర సిరాతో 'కేర్‌లెస్' అని రాసేవాళ్ళు, వాళ్ళ తప్పు లేదు, వాళ్ళకి మేం చెప్పలేదు. డిసెంబర్‌కల్లా పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టాడు. ఆదివారాలు రాదు, స్కూల్ ఉన్న రోజే. ఒకసారి యూనిఫాం వేసుకుని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని ఎంతసేపటికీ రాలేదు. తలుపు ఇవతల నేను నిలబడి ఉన్నా. లోపల నుంచి చిన్న గొంతుతో, "నాన్నా నాకు బుర్ర లేదు కదా" అన్నాడు.

నేను కూడా అదే వయసులో అదే నమ్మా. నాకు బుర్ర లేదనే నమ్మి, అది లేదన్న సంగతి ఎవరికీ తెలియకూడదని ముప్పై ఏళ్ళు పరిగెత్తా. అది ఒప్పుకోవడం కంటే కష్టమైన పని చేశా అని ఆ తలుపు దగ్గర అర్థమైంది, కానీ వెంటనే ఏదో మారిపోయిందని చెప్పను. ఇంకో రెండు వారాలు పట్టింది.

2024 జనవరిలో ఒక్కణ్ణే ఆ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళా. కూర్చుని, "మేడం, ఆ రోజు ఫారంలో ఒకటి తప్పు రాయించా" అన్నా. ఏది అని కూడా అడగలేదు. ఫైల్ తీసి మూడో పేజీ నా ముందు పెట్టి పెన్ను ఇచ్చింది. 'లేదు' కొట్టేసి 'ఉంది' అని రాశా. పక్కన 'తండ్రికి' అని రాయాలి. త రాశా, సున్నా పెట్టా, డ, దానికి గుడి, కింద క్రావడి. ఆ క్రావడి ఎటు తిరుగుతుందో నాకు ఇప్పటికీ ఆలోచించాలి. నలభై రెండేళ్ళ మనిషి ఒక మాట రాయడానికి నిమిషం పైన తీసుకుంటుంటే ఆవిడ సాయం చేస్తాననలేదు, తొందరపెట్టలేదు, ఊరికే కూర్చుంది. దానికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటా.

తర్వాత నాకు ఒక కథ చెప్పింది, కథ కాదు, జరిగిందే. 1896లో ఇంగ్లండ్‌లో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పిల్లాడి గురించి రాశాడట. పెర్సీ అనే 14 ఏళ్ళ కుర్రాడు, చురుకైనవాడు, ఆటల్లో ముందుంటాడు, చూపులో లోపం లేదు, ఏళ్ళ తరబడి నేర్పినా చదవడం రాదు. తన పేరు తనే తప్పు రాసేవాడట, 'ప్రెసీ' అని, చూపిస్తే గానీ తెలిసేది కాదు. వాడికి చదువు చెప్పిన మాస్టారు ఏమన్నాడంటే, పాఠాలన్నీ నోటితోనే చెప్పేట్టయితే బడిలో అందరికంటే తెలివైనవాడు వీడే అయ్యేవాడు అన్నాడట. నాకు ఒళ్ళు జలదరించింది. నేను టెన్త్ రాసింది 1996, అప్పటికి ఆ డాక్టర్ అది రాసి నూరేళ్ళు. నూరేళ్ళ ముందే ఒక మాస్టారికి అర్థమైంది, పద్యం చెప్పగలిగి చదవలేనివాడు పొగరుబోతు కాదని. ఆ సంగతి మా ఊరికి చేరలేదు. కింద బండి మీద కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేకపోయా.

ఆ సాయంత్రం మావాణ్ణి కూర్చోబెట్టి నా గురించి చెప్పా. టేపు చుట్టుకున్న వేలు, కళ్ళు లాగడం, అగ్రిమెంట్, అన్నీ. వాడు మొత్తం విని, "మరి నువ్వు బోర్డులు ఎలా చేస్తావు?" అని అడిగాడు. చూపిస్తా రా అన్నా. ఆదివారం సైట్‌కి తీసుకెళ్ళా. కడుపునొప్పి పూర్తిగా పోలేదు గానీ తగ్గింది.

ఇంక కాయితాల పని. తెలియనివాళ్ళ కోసం ఇది వివరంగా చెప్తా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇది ఉంది, పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉంటే ఇందులో 21 చేశారు, అందులో ఇదొకటి. ప్రైవేట్ సైకాలజిస్ట్ ఇచ్చిన రిపోర్టు వేరు, ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ వేరు, స్కూల్‌కి, బోర్డుకి రెండోది కావాలి. అప్పుడు ఉన్న 2018 నిబంధనల ప్రకారం ఎనిమిదేళ్ళు నిండాకే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు, మళ్ళీ 14 ఏళ్ళకి, 18 ఏళ్ళకి పరీక్ష చేయించాల్సి ఉండేది, 18కి ఇచ్చింది శాశ్వతం. మాకు నాలుగు సార్లు తిరగాల్సొచ్చింది, రెండు చోట్ల అసలు ఇది అంగవైకల్యం కిందకి రాదని చెప్పి పంపేశారు, మా ఆవిడ చట్టం కాపీ ప్రింట్ తీసి పట్టుకెళ్ళింది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనంగా ఇస్తారు, మూడు గంటల పేపర్‌కి గంట. రాసిపెట్టడానికి మనిషిని ఇస్తారు. రెండు భాషల బదులు ఒక భాషే తీసుకునే వెసులుబాటు ఉంది. ఇవి దానాలు కావు, పిల్లాడి బుర్రలో ఉన్నది కాయితం మీదకి రావడానికి ఇచ్చే దారి. స్కూల్‌లో చెప్పిన రోజు ఒక టీచర్ మా చేతులు పట్టుకుని, ఇన్నాళ్ళూ తిట్టా, ముందే చెప్పాల్సింది అంది. ఇంకో సారు మాత్రం ఇవన్నీ ఎక్స్‌ట్రా టైమ్ కోసం అన్నారు. ఆయన మీద నాకు కోపం రాలేదు, ఏడాది ముందు నేనూ అక్కడే ఉన్నా.

స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ఇలాంటి పిల్లలకి విడిగా నేర్పే టీచర్ దగ్గరికి మావాడు వారానికి మూడు రోజులు వెళ్తున్నాడు. మొదటి రెండు నెలలు పుస్తకమే ముట్టనివ్వలేదు. మాటని చప్పట్లు కొట్టి ముక్కలు చేయడం, మం-దా-రం, మూడు చప్పట్లు. దా తీసేస్తే ఏం మిగులుతుంది, దా బదులు ది పెడితే ఏమవుతుంది. అంతా చెవితోనే. తర్వాత ట్రేలో సన్నటి ఇసుక పోసి, పైకి పలుకుతూ వేలితో అక్షరం రాయించడం, కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒకేసారి పనిచేయాలట. గుణింతాలు ఒకేసారి కాదు, ఒక గుర్తు గట్టిపడ్డాకే ఇంకోటి. ఒత్తులకి ఎనిమిది నెలలు పట్టింది. తెలుగులో రాసింది రాసినట్టు పలుకుతాం కాబట్టి ఒకసారి శబ్దం పట్టుబడితే తప్పులు తగ్గాయి, వేగం మాత్రం ఇప్పటికీ లేదు. ఇంగ్లీష్ ఇంకా కష్టంగానే ఉంది, ఒకే అక్షరం ఒక్కోచోట ఒక్కోలా పలికే భాష అది. ఇప్పుడు ఏడో తరగతి, చదివేది నాలుగో తరగతి స్థాయిలో ఉందని మొన్న చూసి చెప్పారు. రెండేళ్ళలో అంత వచ్చింది. సైన్స్ పాఠాలు ఫోన్ చదివి వినిపిస్తుంది, అందులో క్లాసులో మొదటి ఐదుగురిలో ఉంటాడు.

నేను కూడా టెస్ట్ చేయించుకున్నా. నాకు సర్టిఫికెట్‌తో పనేమీ లేదు, అయినా ఆ కాయితం మీద నా పేరు చూడాలనిపించింది. ఇప్పుడు అగ్రిమెంట్ ఇస్తే, నాకు చదవడం కష్టం, ఫొటో తీసుకెళ్ళి విని రేపు సంతకం పెడతా అని చెప్తున్నా. మొదటిసారి చెప్పినప్పుడు గొంతు వణికింది. అవతలాయన సరే అన్నాడు, అంతే, ఇంకేమీ జరగలేదు.

చెప్పకుండా మిగిలింది మా నాన్నగారికి. 2025 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చెప్పా. ఆయనకి 78, రిటైరై చాలా ఏళ్ళైంది. వసారాలో పడక్కుర్చీలో కూర్చుని మొత్తం విన్నారు. మధ్యలో ఇసుక ట్రే గురించి చెప్తుంటే, "అదేం కొత్త, మా చిన్నప్పుడు వీధిబడిలో ఇసుకలోనే దిద్దించారు మాకు" అన్నారు. చివర్లో అన్నారు, "నీకేం జబ్బు లేదురా. నాకే చెప్పడం చేతకాలేదు." కాదండీ నాన్నగారూ, ఇది ఎవరి తప్పూ కాదు, పుట్టుకతో వస్తుంది అన్నా. "అలా అయితే మీ బాబాయి కూడా..." అని ఆగిపోయారు. మా బాబాయి నాలుగో తరగతిలో బడి మానేసి లారీ క్లీనర్‌గా వెళ్ళిపోయాడు, మా నాన్నగారు అన్నిసార్లు కొట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టినా నిలవలేదు. బాబాయి పోయి పదకొండేళ్ళైంది. నాన్నగారు ఆ మాట పూర్తి చేయలేదు, కండువాతో మొహం తుడుచుకుని పూజకి టైమైందని లేచారు.

డిస్‌లెక్సియా అన్న పేరు నాన్నగారి నోటి నుంచి ఇప్పటివరకు రాలేదు. "వాడి చదువు సంగతి" అంటారు అంతే. నేను బలవంతపెట్టను, నాకు నలభై రెండేళ్ళు పట్టింది. కానీ ఆ పండగ అయిన వారం నుంచీ రోజూ సాయంత్రం ఏడింటికి మా ఇంటికి ఫోన్ వస్తుంది. మావాడి తెలుగు వాచకం ఇంకో కాపీ తెనాలిలో కొనుక్కున్నారట, స్పీకర్ పెట్టమని, రేపటి పాఠం మొత్తం ఆయనే పైకి చదువుతారు, ఒక్కో అక్షరం విడివిడిగా, మెల్లగా. ఇక్కడ వీడు పుస్తకంలో ఆ లైన్ కింద వేలు పెట్టి జరుపుతూ వెళ్తాడు. ఎక్కడైనా వేలు వెనకబడితే "తాతయ్యా ఆగు" అంటాడు, ఆయన ఆగుతారు.